అప్సర: నూలు పరాయిది, నేత మనది

సిరిసిల్ల మరమగ్గాలకు నూలు బయటి పట్టణాల నుండి వస్తుంది. అయినా అక్కడ నేసిన గుడ్డను సిరిసిల్ల గుడ్డ అనే అంటారు. నేత పనితనానికి లోకం ఇచ్చే గౌరవం అది. అయితే నూలు సరఫరా ఆగిన నాడు మగ్గం కూడా ఆగిపోతుందని నేత కార్మికునికి బాగా తెలుసు. భారతదేశపు తొలి పరిశోధక అణు రియాక్టరు 'అప్సర'ను అంచనా వేసేటప్పుడు ఈ రెండు విషయాలనూ గుర్తుంచుకోవాలి. అది సంపూర్ణంగా స్వదేశీయమని కొందరు పొగడుతారు. ఇంధనం బ్రిటన్‌ది కాబట్టి అందులో మన గొప్ప ఏమున్నదని మరికొందరు తీసిపారేస్తారు. ఇరువురూ సగమే చూస్తున్నారు.

ముంబయి సమీపంలోని ట్రాంబేలో 1956 ఆగస్టు 4న అప్సరలో కేంద్రక విచ్ఛిత్తి శృంఖల చర్య తనంతట తాను నిలదొక్కుకున్నది. సోవియట్ భూభాగాన్ని మినహాయిస్తే ఆసియాలో అదే మొదటి రియాక్టరు. హోమీ భాభా నాయకత్వంలో 1955లో నిర్ణయం జరిగింది. ఏడాదికి కొంచెం మించిన కాలంలోనే నిర్మాణం పూర్తయింది. లోతైన కొలనులో ఇంధన పలకలను వేలాడదీస్తారు. ఆ నీరే వేడిని తగ్గిస్తుంది, న్యూట్రాన్ల వేగాన్ని అణచుతుంది, వికిరణానికి అడ్డుగోడగా నిలుస్తుంది. నీటిలో కాంతి కన్న వేగంగా సాగే విద్యుదావేశ కణాల వల్ల కొలను నీలికాంతితో మెరుస్తుంది. 1957 జనవరి 20న ప్రారంభోత్సవం చేసిన జవహర్‌లాల్ నెహ్రూ దానికి అప్సర అని పేరు పెట్టారు. సంస్కృతంలో 'అప్' అంటే నీరు. తెలుగులో 'అప్పు'కు అర్థం వేరు. ఇంధనం విషయంలో ఆ అర్థమూ కొంత పొసగుతుంది!

ఇంధనం పరాయిదైనా, రియాక్టరును అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాలను మనవారే రూపొందించారు. ఆ కృషికి సారథి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు. పరికరాలను కూడా కొని తెచ్చుకొని ఉంటే పని ఇంకా సులువుగా జరిగేది. రియాక్టరు దక్కేది కాని విద్య దక్కేది కాదు. ఆ విద్య ట్రాంబేలోనే ఆగిపోలేదు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇసిఐఎల్) ఆయన నేతృత్వంలోనే వెలసింది. ఈనాడు ఏ.ఎస్.రావు నగర్‌కు బస్సెక్కే వారిలో ఆ పేరు వెనుక ఉన్న రియాక్టరు కథ ఎందరికి తెలుసునో!

నూలు సంగతి 1974లో బయటపడింది. పోఖ్రాన్ పరీక్ష జరగగానే కెనడా సహకారాన్ని నిలిపివేసింది. తారాపూర్ కేంద్రానికి పంపవలసిన ఇంధనాన్ని అమెరికా జాప్యం చేసి, చివరకు మానివేసింది. అదృష్టవశాత్తు 1971లోనే హైదరాబాదులో అణు ఇంధన సముదాయం ఏర్పడి ఉన్నది. కెనడా మధ్యలో విడిచిన రాజస్థాన్ రెండవ రియాక్టరును భారతీయ ఇంజనీర్లే 1981 నాటికి పూర్తి చేశారు. అప్సర నిర్మాణంలో చేయి తిరగకపోతే ఈ ధైర్యం వచ్చేదా?

అయితే ఈ విజయానికి మరొక ముఖం ఉన్నది. అణు పరిశోధనను విశ్వవిద్యాలయాలకు దూరంగా, రహస్యంగా ఒకే చోట కేంద్రీకరించడాన్ని శాస్త్రవేత్త, లోక్‌సభ సభ్యుడు మేఘనాద్ సాహా నిరసించారు. అప్సర పని మొదలుపెట్టకముందే, 1956 ఫిబ్రవరిలో, ఆయన మరణించారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆ రోజులలోనే విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్వామి జ్ఞానానంద అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నిర్మిస్తున్నారు. ఆయనా, సాంబశివరావూ ఇద్దరూ భీమవరం పరిసర గ్రామాలలో పుట్టినవారే. ఒకరికి ట్రాంబే వసతులు లభించగా, మరొకరు విశ్వవిద్యాలయ పరిమితులలోనే ప్రయోగశాలను నిలబెట్టవలసి వచ్చింది. 1957లో ట్రాంబేలో ఆరంభమైన శిక్షణ పాఠశాల ఎందరినో తీర్చిదిద్దింది, నిజమే. కాని ఎంపికైనవారికే దాని తలుపులు తెరుచుకున్నాయి. సాహా ప్రశ్నకు అది సగం సమాధానమే.

అప్సర 2009లో విశ్రాంతి పొందింది. దాని స్థానంలో ట్రాంబేలోనే 'అప్సర-యు' 2018 సెప్టెంబరు 10న పనిచేయడం ఆరంభించింది. పాత అప్సర సామర్థ్యం ఒక మెగావాట్ కాగా, దీనిది రెండు మెగావాట్లు. ఈమారు ఇంధన పలకలు కూడా స్వదేశంలోనే తయారైనాయి.