సముద్రం పక్కనే.. తెరచాప దూరమే!

సెయిలింగ్‌లో సరస్సుల నగరాలదే ముందంజ
విశాఖలో సామాన్యుడికి అందని డింగీ

కంచరపాలెం: రైల్వే, ఓడరేవు, పరిశ్రమల కార్మిక కుటుంబాలు అధికంగా నివసించే కంచరపాలెం నుంచి లోపలి హార్బరు కొద్ది కిలోమీటర్ల దూరమే. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంత జీవనం సముద్రంతో పెనవేసుకుంది. అయినా ఇక్కడి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చదివే ఇద్దరు విద్యార్థులు డింగీ ఎక్కి జాతీయ పోటీల్లో పాల్గొనాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు సులువైన సమాధానం లభించదు. సముద్రమే లేని భోపాల్‌, హైదరాబాద్‌ నగరాలకు మాత్రం ఆ సమాధానం దొరికింది.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత్‌ సెయిలింగ్‌లో మూడు పతకాలు సాధించింది. బాలికల డింగీ విభాగంలో రజతం గెలిచిన నేహా ఠాకూర్‌ మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌ జిల్లా రైతు కుటుంబంలో పుట్టారు. భోపాల్‌ పెద్ద చెరువులో శిక్షణ పొందారు. అదే క్రీడల్లో 470 మిశ్రమ విభాగంలో పోటీపడిన కొంగర ప్రీతి తెలంగాణ యువతి. హుస్సేన్‌సాగర్‌లో పడవ నేర్చుకున్నారు.

ఇద్దరి పడవ.. ఒకటే లెక్క

డింగీ అంటే తెరచాపతో నడిచే చిన్న పడవ. ఇంజిన్‌ ఉండదు. మనదేశంలో ఔత్సాహికులు ఎక్కువగా వాడిన ఎంటర్‌ప్రైజ్‌ రకం పొడవు నాలుగు మీటర్లకు స్వల్పంగా ఎక్కువ. ఒకరు చుక్కాని, పెద్ద తెరచాప చూసుకుంటే, రెండోవారు ముందు తెరచాప పట్టి, పడవ ఒరగకుండా అంచుకు వేలాడతారు. ఎదురుగాలిలో నేరుగా వెళ్లడం సాధ్యం కాదు. కుడికీ ఎడమకూ వంకర తోవలో మలుపులు తిరుగుతూ చేరాలి. పాయింట్ల లెక్క కూడా తిరగేసినదే. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు. అన్ని రేసులూ ముగిశాక అతి తక్కువ పాయింట్లు ఉన్నవారే విజేత. చేయి తిరగని జట్టు ఒక రేసులో మెరిసినా వారం మొత్తంలో వెనకబడేది ఇక్కడే. నిలకడ కావాలంటే నెలల తరబడి నీటిపై గడపాలి. విశాఖ కుర్రాళ్లకు కరవైంది ఆ నీరే.

నౌకాదళమే దిక్కు

నగరంలో తెరచాప విద్య ప్రధానంగా నౌకాదళం, ఎన్‌సీసీ నావల్‌ విభాగాల చేతుల్లో ఉంది. ఆ శిక్షణ స్థాయిని తక్కువ చేయలేం. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తరిణిలో బయలుదేరి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు. ఎన్‌సీసీ కేడెట్లకు ఒడిశాలోని చిల్కాలో అఖిలభారత పోటీలు జరుగుతుంటాయి. అయితే కళాశాల చదువు ముగియగానే కేడెట్‌కు ఆ తలుపు మూసుకుపోతుంది. నౌకాదళంలో ఉద్యోగం వస్తే సరి, రాకపోతే నేర్చిన విద్య ఒడ్డునే మిగిలిపోతుంది.

హైదరాబాద్‌లోనూ ఒక తరం పాటు సెయిలింగ్‌కు సైన్యమే పెద్ద అండ. లేజర్‌ తరగతి పడవల కోసం అక్కడ హైదరాబాద్‌ సెయిలింగ్‌ వీక్‌ నిర్వహించడంలో సికింద్రాబాద్‌ ఈఎంఈ సెయిలింగ్‌ సంఘానిది కీలక పాత్ర. తర్వాత యాట్‌ క్లబ్‌ ఆఫ్‌ హైదరాబాద్‌ రంగంలోకి వచ్చి పేద కుటుంబాల పిల్లలను పడవ ఎక్కించింది. అసలు తేడా అక్కడ వచ్చింది.

తీరం పెద్దది.. దిగే చోటేది?

విశాఖకు చిక్కు ఒడ్డునే ఉంది. బీచ్‌లో విరిగిపడే అలలను దాటించి నేర్చుకునే పిల్లవాడితో డింగీ దింపడం ప్రమాదకరం. హార్బరులో నీరు ప్రశాంతమే గానీ అది నౌకల రాకపోకల దారి, భద్రతా ప్రాంతం. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ తాగునీటి జలాశయాలు. ముడసర్లోవ నీటిపై 2018 నుంచి తేలియాడే సౌర ఫలకాలూ ఉన్నాయి. గాలితో నడిచే పడవ నీటిని పాడు చేయదు. కానీ వెంట ఉండాల్సిన రక్షణ బోటుకు ఇంజిన్‌ తప్పదు, దానికి బ్యాటరీ మోటారు ఒక మార్గం. భీమిలి వద్ద గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కూడా పరిశీలించదగినదే.

మరో వనరు ఎవరి కంటా పడటం లేదు. ఒకప్పుడు ఇక్కడి జాలర్లు తెప్పలకు తెరచాప కట్టి వేటకు వెళ్లేవారు. ఫైబర్‌ బోట్లు, ఇంజిన్లు వచ్చాక తెరచాప మూలపడింది. గాలి ఏ వేళకు ఎటు మళ్లుతుందో, కెరటం ఎక్కడ లేస్తుందో ఆ పెద్దలకు తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పదు. వారి మనవలను, కంచరపాలెం వంటి కార్మిక వాడల పిల్లలను ఒకే పడవలో కూర్చోబెట్టే శిక్షణ కేంద్రం పెడితే బోధకుల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పోటీ నిబంధనలు నేర్పడానికి నౌకాదళం నుంచి విరమించిన ఉద్యోగులు నగరంలోనే ఉన్నారు.

ఖర్చు మాటా ఉంది. కొత్త డింగీ కార్మిక కుటుంబానికి అందే వస్తువు కాదు. ఇంటికో క్రికెట్‌ బ్యాటు కొన్నట్టు కొనాల్సిందీ కాదు. నాలుగైదు పడవలుంటే ఉదయం ఒక జట్టు, సాయంత్రం మరొకటి చొప్పున ఏడాదంతా వంతులు వేసుకోవచ్చు. తెరచాపలు చిరుగుతాయి, తాళ్లు అరుగుతాయి. పడవల కొనుగోలుతో పాటే ఏటా ఆ మరమ్మతులకూ నిధులు కేటాయించకపోతే అవి రెండో వేసవికల్లా షెడ్డు చేరతాయి.