స్పీకరు వైరు మనమే చేసుకుందాం

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో సామాన్లతోపాటు స్పీకర్లూ లారీ ఎక్కుతాయి. కొత్త క్వార్టర్స్‌లో హాలు కొలతలు వేరు, పాత వైరు చాలదు. షాపుకు వెళితే జడలా అల్లిన కేబుల్ చూపించి, వినగానే గుండె ఆగే ధర చెబుతారు. ఆ ఖర్చు అనవసరమని మా అభిప్రాయం. మంచి కేబుల్ ఇంట్లోనే చేసుకోవచ్చు, అందుకు పదో తరగతి సైన్సు చాలు.

వైరు నిరోధం దాని లోహం, పొడవు, మందాలను బట్టి ఉంటుంది. స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉంటే, కరెంటు వెళ్లడానికొక తీగ, రావడానికొక తీగ కాబట్టి లెక్కకు 10 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు అది సుమారు 0.17 ఓం, అంటే 8 ఓంల స్పీకరులో రెండు శాతం. సన్నని అర చదరపు మిల్లీమీటరు వైరైతే నాలుగు శాతం దాటుతుంది. 2.5 వైరైతే ఒక శాతం లోపే. 4 ఓంల స్పీకరుకు ఈ శాతాలన్నీ రెట్టింపు. స్పీకరు మీద 8 ఓంలు అని రాసి ఉన్నా, అది అన్ని స్వరాలకూ 8 కాదు. అందుకే మరీ సన్నని వైరు శబ్దాన్ని తగ్గించడమే కాక, దాని తీరునూ కాస్త మారుస్తుంది.

కాబట్టి ఇళ్ల వైరింగుకు వాడే 1.5 లేదా 2.5 రాగి వైరు ఎరుపు, నలుపు రంగుల్లో మీటర్ల లెక్కన కొంటే సరి. ఒక్క జాగ్రత్త: రాగి పూసిన అల్యూమినియం వైరును కూడా రాగి అనే అమ్ముతుంటారు. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అల్యూమినియం నిరోధం రాగి కన్నా ఒకటిన్నర రెట్ల పైనే.

ఇక అల్లిక సంగతి. రెండు తీగలు దూరదూరంగా ఉంటే ఇండక్టెన్స్ పెరిగి, బాగా పెద్ద వైర్లలో కీచు స్వరాలు కాస్త తగ్గుతాయి. దగ్గరగా ఉంటే ఆ బాధ తగ్గుతుంది. ఒక కొసను కిటికీ ఊచకు కట్టి రెండు తీగలనూ మెలిపెడితే చాలు. చాలా పోగులతో జడ అల్లితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, కొన్ని ఆంప్లిఫయర్లకు అది పడదు కూడా. హాల్లో ఐదారు మీటర్ల వైరుకు జడ అల్లడం చూడటానికే అందం.

మన ఇళ్లకు పనికిరానిది మాత్రం ఒంటి తీగ. ధ్వనిలో లోపమేమీ లేదు, కానీ నాలుగు బదిలీల్లో చుట్టి, విప్పి, వంచితే విరుగుతుంది. పోగుల వైరే కొనాలి, అదీ ఈ హాలుకు సరిపడా కాకుండా రెండు మీటర్లు ఎక్కువ. కొత్త ఊళ్లో కలిపేటప్పుడు ఆంప్లిఫయర్ ప్లగ్గు తీసేసి, రెండు స్పీకర్లకూ ఎరుపును ఎరుపుకే బిగించండి. ఒకదానికి తిరగబడితే తబలా బాయ మోత మాయమవుతుంది.