నరంలోకి గాలిబుడగలా!

సూదిమందుతోపాటు గాలిబుడగ నరంలోకి పోతే ప్రాణం దక్కదని మనలో చాలామంది నమ్మకం. సెలైన్ గొట్టంలో బుడగ కనిపిస్తే చాలు, రోగి పక్కనున్నవాళ్ళు నర్సుకోసం పరుగెడతారు. అలాంటిది, "మీకు బుడగల మందు ఎక్కించి స్కాన్ చేస్తాం" అని డాక్టరుగారే అంటే హడలిపోరూ?

ప్రమాదమల్లా ఎక్కువ గాలి ఒక్కసారిగా పోతేనే. ఒకటీ అరా చిన్న బుడగకు సాధారణంగా ఏమీ కాదు. ఇక ఈ మందులోని బుడగలంటారా, అవి సుమారు 2, 3 మైక్రాన్లే. మన ఎర్రకణం 7, 8 మైక్రాన్లుంటుంది. అది దూరే సందులో ఇవి అవలీలగా దూరిపోతాయి. పైన కొవ్వు పదార్థపు పలుచని పొర, లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు. మామూలు గాలిలా ఇది రక్తంలో ఇట్టే కరిగిపోదు. ఎక్కించేది 2 మి.లీ. పైచిలుకు, అందులోని వాయువంతా కలిపినా ఒక చుక్కంత ఉండదు. పావుగంటలో ఊపిరితో బయటికి పోతుంది.

ఇంతకీ దీనివల్ల ప్రయోజనం? అల్ట్రాసౌండ్ అంటే శబ్దతరంగాల ప్రతిధ్వనే కదా. రక్తంనుంచి వచ్చే ప్రతిధ్వని బహు స్వల్పం. బుడగలైతే ఆ తరంగాలకు ఉబ్బుతూ, కుంచించుకుంటూ గట్టిగా బదులు పలుకుతాయి. రక్తం ఎటు పారుతోందో తెరమీద తెల్లగా కనిపిస్తుంది. 1968లో గ్రామియాక్, షా అనే వైద్యులు గుండె పరీక్షలో ఈ సంగతి వెల్లడించారు.

కడుపునొప్పికని స్కాన్ తీయిస్తారు. లివరులో మచ్చ ఉందంటారు. ఆ రాత్రినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నిజానికి అది చాలాసార్లు రక్తనాళాల ముద్ద, హిమాంజియోమా, హాని చేయదు. బుడగలు దాని అంచుల్లో మొదలై మెల్లగా మధ్యకు చేరి నిలిచిపోతాయి. కాన్సరు గడ్డ అయితే సాధారణంగా అరనిమిషంలోపే నిండి, మిగతా లివరుకన్నా ముందే ఖాళీ అవుతుంది. అయిదారు నిమిషాలలో చాలావరకు తేలిపోతుంది. తేలకపోతే ఎం.ఆర్.ఐ.యో, ముక్క తీసి పరీక్షించడమో తప్పదు.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇది మరీ మేలు. సి.టి. స్కాన్‌లో ఇచ్చే అయొడిన్ మందు మూత్రపిండాల ద్వారా పోవాలి. ఇది అటు పోదు. ఎక్స్‌రే కిరణాల బెడదా లేదు. అయితే బాగా లావుగా ఉన్నవారిలో, పేగులలో గాలి అడ్డుపడినప్పుడు బొమ్మ సరిగా రాదు. లివరుకు కొవ్వు పట్టిందన్న ప్రతివారూ ఈ పరీక్షకోసం పట్టుబట్టడం వృథా ఖర్చు.

తీవ్రమైన ఎలర్జీ చాలా అరుదు, కానీ వస్తే మొదటి అరగంటలోనే ఎక్కువ. అందుకే పరీక్ష కాగానే ఇంటికి తొందరపడకండి. పేగులు శుభ్రపడటానికి తాగించే పాలిఎథిలిన్ గ్లైకాల్ పొడి మీకు ఎప్పుడైనా దద్దుర్లో ఆయాసమో తెచ్చిందా? గర్భిణీయా? ముందే చెప్పండి. పాత స్కాన్ రిపోర్టులు వెంట తీసుకువెళ్ళండి. కొన్నేళ్ళ క్రితం కూడా ఆ మచ్చ అంతే ఉందని తెలిస్తే, అసలీ పరీక్షే అక్కరలేకపోవచ్చు.