గృహప్రవేశానికి ముందు మోకాళ్ల మాట వినండి

మదనపల్లె టమాటా తోటల్లో, కుప్పం గ్రానైట్ క్వారీల్లో, పుంగనూరు పాడి కొట్టాల్లో ఏళ్ల తరబడి వంగి పనిచేసిన వారికి తొలి సొంత ఇల్లు జీవితకాలపు కల. 2020 డిసెంబరు 25 నుంచి ప్రభుత్వం పట్టణ పేదలకు సెంటు, పల్లె పేదలకు సెంటున్నర స్థలం పట్టాలిచ్చింది. స్థలం చిన్నదని కాదు, అందులో కట్టే ఇల్లు నొప్పిని పెంచుతుందేమోనన్నదే నా అభ్యంతరం.

అరిగిన మోకాలికి గొంతుకూర్చోవడం, ఎత్తు మెట్లెక్కడం పెద్ద శిక్ష. విందుకు అప్పు చేసేవారు కమోడ్‌కూ, గోడకు బిగించే పట్టుకమ్మీకీ "తర్వాత చూద్దాం" అంటారు. ఇంటి నమూనా గీసే అధికారులకూ ఇవి విలాసాలే! కావు, చికిత్సలో భాగాలు. పూర్తయిన గచ్చును పగలగొట్టడం కన్నా ముందే మేస్త్రీకి చెప్పడం చవక. సామాన్లు చేర్చే రోజున మూటలు మీరెత్తకండి. వారం ముందు నుంచే కొద్దికొద్దిగా పంపండి.