గుర్తు గీసే ముందు

ఈ సంచిక లోగోల గురించి. 1971లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన శేఖర్ కామత్ స్టేట్ బ్యాంకుకు రూపొందించిన గుర్తు చూడండి. నీలం వృత్తం, మధ్యలో చిన్న గుండ్రటి ఖాళీ, అక్కణ్ణుంచి కిందికి దిగే సన్నని చీలిక. అంతే. చదువు రానివాళ్లు కూడా వీధి చివరి నుంచే పోల్చుకుంటారు.

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు మొదట రంగుల గురించి అడుగుతారు. దయచేసి ముందు ఒక్క నలుపులోనే గీయించండి. గోరంత సైజుకు తగ్గించి చూడండి. బిల్లు మిషన్‌లో కొట్టించండి. స్క్రీన్ మీద మెరిసిపోయిన రంగుల కలగలుపు ఆ పలచటి కాగితం మీద మచ్చలా పడుతుంది.

మాకు ఎక్కువ బాధ కలిగించేది తెలుగు పేరుకు జరిగే అన్యాయం. ఇంగ్లిష్ అక్షరాలన్నీ తీర్చిదిద్ది, చివర్లో దొరికిన ఫాంట్‌లో తెలుగు కొట్టి కింద ఇరికిస్తారు. ‘లక్ష్మి’ అని రాసి చూడండి: పైన గుడి, కింద ష ఒత్తు, మ ఒత్తు. ఇంగ్లిష్ పెద్దక్షరాలు రెండు గీతల మధ్య ఒదిగిపోతాయి. మన అక్షరానికి పైనా కిందా చోటు కావాలి. ఆ ఎత్తులోనే ఇరికిస్తే అసలు అక్షరం చిక్కిపోతుంది, ఒత్తులు చదవనే రావు. బాపు రాతను సంతకం లేకున్నా గుర్తుపట్టే పాఠకులు మనకున్నారు. తెలుగు అక్షరమే లోగో కాగలదని మా గట్టి నమ్మకం.

బోర్డులు రాసే పెయింటర్లు ఒత్తుకు చోటు ఎలా వదులుతారో లోపలి పేజీల్లో బొమ్మలతో సహా వేశాం.

— సంపాదకుడు