తెలిసీ విడిచిన జయం

లాస్ వేగాస్‌లో 2003 నాటి ప్రపంచ పోకర్ పోటీ. ప్రవేశించిన 839 మందిలో చివరకు ఇద్దరే మిగిలారు: వృత్తి ఆటగాడు శామ్ ఫార్హా, అకౌంటెంటు క్రిస్ మనీమేకర్. విజేతకు 25 లక్షల డాలర్లు. ఒక ఆటలో ఫార్హాకు తొమ్మిదుల జత ఉంది. మనీమేకర్ ఆశించిన ఇస్పేటు చివరికీ రాలేదు, వరుసా కుదరలేదు. అయినా అతడు నిర్వికారంగా సర్వస్వాన్నీ ఒడ్డాడు.

ఫార్హా దీర్ఘంగా ఆలోచించాడు. ఎదుటివానికి కావలసిన ముక్క రాలేదేమోనని పైకే అన్నాడు. ఆ ఊహ అక్షరసత్యం. అయినా తన ముక్కలను విడిచాడు. అనంతరం పోటీ మనీమేకర్ వశమైంది.

వేదాంతం చెప్పే పరోక్షజ్ఞానం ఇటువంటిదే. సత్యం వాక్కులోకి వచ్చింది కాని నిశ్చయం కాలేదు; కనుక భయాన్ని తొలగించలేకపోయింది. దేహం తాను కాదని నిత్యం పఠించే సాధకుడు స్వల్ప అవమానానికే చలించడమూ ఇందువల్లనే.

ఇది ద్యూతప్రశంస కాదు. ధర్మరాజు కథ తెలిసినవారికి వేరొక హెచ్చరిక అక్కరలేదు. మనీమేకర్ నిర్వికారతను సమత్వమని పొగడటమూ తగదు. అది ఫలం కోసం ధరించిన ముసుగే కాని ఫలాపేక్షను విడిచిన మనఃస్థితి కాదు.

మరొక భేదం మరింత ముఖ్యం. పందెం కట్టకుండా ఎదుటి ముక్కలను చూసే మార్గం ఫార్హాకు లేదు. అతని సంశయం క్షమార్హం. సాధకునికి మార్గం ఉంది. విన్నదాన్ని మననంతో పరీక్షించవచ్చు, నిదిధ్యాసనతో స్థిరపరచుకోవచ్చు. శ్రవణం వద్దనే ఆగిపోయి, జ్ఞానం భయాన్ని పోగొట్టలేదని శాస్త్రాన్ని నిందించడం న్యాయం కాదు.