గేటుకు తాళం వేసినదెవరు?

2013 జనవరి 6 తెల్లవారుజామున, రాత్రంతా సాగిన చర్చల అనంతరం, నేషనల్ హాకీ లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్, క్రీడాకారుల సంఘం నేత డొనాల్డ్ ఫెహర్ న్యూయార్క్‌లో పక్కపక్కన నిలబడి ఒప్పందం కుదిరిందని ప్రకటించారు. కెనడాలోనూ అమెరికాలోనూ ఐస్ హాకీ అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. నాలుగు నెలలుగా వారు కోరుకున్నది ఒక్కటే: ఆట మొదలు కావాలి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఎవరి వాటా ఎంత తగ్గింది అన్న ప్రశ్నలు వారిలో చాలామందిని బాధించలేదు.

ఆ ఆశ సహజమైనదే. కానీ అది కనిపించినంత అమాయకమైనది కాదు.

2012 సెప్టెంబరు మధ్యలో పాత ఒప్పందం గడువు ముగియగానే జట్ల యజమానులు లాకౌట్ ప్రకటించారు. లీగ్ వార్షికాదాయం అప్పటికి 300 కోట్ల డాలర్లు దాటింది. అందులో క్రీడాకారుల వాటా 57 శాతం. దానిని 43 శాతానికి తగ్గించాలన్నది యాజమాన్యాల తొలి ప్రతిపాదన. చర్చలు సాగుతుండగానే సీజన్ మొదలుపెడదామని సంఘం కోరింది, యజమానులు అంగీకరించలేదు. ఆపైన మ్యాచ్‌ల రద్దు వాయిదాల పద్ధతిలో సాగింది. మొదట అక్టోబరు, తరువాత నవంబరు, ఆపై కొత్త సంవత్సరం నాడు ఆరుబయట జరగవలసిన వింటర్ క్లాసిక్, తరువాత ఆల్‌స్టార్ పోటీ. ప్రతి రద్దు వెనుకా ఒక చర్చ, ప్రతి చర్చ వెనుకా ఒక వదంతి, ప్రతి వదంతికీ కొంత ఆశ. చివరకు ఒక్కొక్క జట్టుకు 82 ఆటలకు బదులు 48 మాత్రమే మిగిలాయి.

అభిమానుల భయానికి కారణం లేకపోలేదు. 2004లో ఇదే లీగ్ ఇలాగే మూతపడి, 2005 ఫిబ్రవరి 16న మొత్తం సీజన్ రద్దయింది. 1,230 మ్యాచ్‌లు గాలిలో కలిసిపోయాయి. 1919లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఫైనల్‌ను ఆపివేసిన తరువాత స్టాన్లీ కప్ ఎవరికీ దక్కకపోవడం అదే మొదటిసారి. ఆ దెబ్బ తిన్నవారు మళ్ళీ తెర పడుతుందేమోనని బెదిరిపోవడంలో వింత ఏముంది?

ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్లు అని తెలుగు సామెత. లాకౌట్ నాలుగు నెలలూ అభిమానుల మాటలలో వినిపించిన భావం ఇదే. కోటీశ్వరులకూ లక్షాధికారులకూ మధ్య తగవు, నలిగిపోతున్నది మేము అని. మైదానాలలో టిక్కెట్లు చింపేవారు, తినుబండారాలు అమ్మేవారు, చుట్టుపక్కల హోటళ్ళలో వడ్డించేవారు ఆ మాట అంటే దానికి పూర్తి అర్థం ఉంది. వారికి నెల గడవడమే కష్టమైంది. కానీ ఆ సామెత రెండు ఆంబోతులూ సమానమని అనుకుంటుంది. ఇక్కడ అవి సమానం కావు. క్రీడాకారుడి జీతం ప్రతి పత్రికలోనూ అచ్చవుతుంది. యజమాని ఖాతా పుస్తకం అభిమాని కంటబడదు. క్రీడాకారుడి వృత్తిజీవితం కొద్ది సంవత్సరాలు. ఒక సీజన్ పోతే అది తిరిగిరాదు. యజమాని వేచి ఉండగలడు. అందుకే ‘ఎలాగో ఒకలాగు ఆట మొదలుపెట్టండి’ అన్న కోరిక ఇరుపక్షాలపైనా సమానంగా పడదు. వేచి ఉండలేనివాడి మెడపైనే దాని బరువంతా పడుతుంది.

సమ్మె వేరు, లాకౌట్ వేరు. మన పారిశ్రామిక వివాదాల చట్టం 1947లోనే ఈ రెంటికీ వేర్వేరు నిర్వచనాలు ఇచ్చింది. పని ఆపేది కార్మికుడైతే సమ్మె. పని ఇవ్వకుండా తలుపు మూసేది యజమాని అయితే లాకౌట్. 1992 ఏప్రిల్‌లో ఈ లీగ్ క్రీడాకారులే పది రోజులు సమ్మె చేశారు. అప్పుడు ఆట ఆపిన బాధ్యత వారిది. 1994, 2004, 2012 సంవత్సరాలలో తాళం వేసినది యజమానులు. ఆట ఎందుకు ఆగిందని అడిగే ముందు గేటుకు తాళం వేసినదెవరని అడగడం అభిమాని కనీస ధర్మం.

చివరి ఒప్పందంలో ఆదాయాన్ని చెరిసగం పంచుకున్నారు. క్రీడాకారులు ఏడు శాతం వాటా వదులుకున్నారు. అయినా 43 దగ్గర ఆగవలసిన అంకె 50 దగ్గర ఆగింది. వృద్ధాప్యానికి నికరమైన పింఛను పథకం దక్కింది. ఇవి ఎవరి దయ వల్లనూ రాలేదు. ఎదురుగా కూర్చుని కాదనగల సంఘం ఉండడం వల్ల వచ్చాయి.

ఆ మాట భారత హాకీ అభిమానిని కలవరపెట్టవలసిన మాట. 2010 జనవరిలో, ఢిల్లీ ప్రపంచ కప్‌కు కొద్ది వారాల ముందు, పుణె శిబిరంలో జాతీయ జట్టు సభ్యులు తమకు రావలసిన డబ్బు చెల్లించేవరకు సాధన చేయబోమన్నారు. అడిగింది వాటా కాదు, చెల్లింపు. దేశమంతటా సానుభూతి వెల్లువెత్తింది. విరాళాల ప్రకటనలు వచ్చాయి. కొద్ది రోజులలో సమస్య సద్దుమణిగింది. ఫిబ్రవరి 28న భారత్ 4–1తో పాకిస్థాన్‌ను ఓడించగానే పుణె సంగతి అందరూ మరచిపోయారు. అక్కడ కుదిరినది ఒప్పందం. ఇక్కడ దొరికినది దయ. ఒప్పందానికి గడువు, షరతులు ఉంటాయి. దయకు జ్ఞాపకశక్తి కూడా ఉండదు.

అంతకు ముందు 1998లో, 32 ఏళ్ళ తరువాత ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టు నాయకుడు ధన్‌రాజ్ పిళ్ళై ఆటగాళ్ళ భత్యాల గురించి బహిరంగంగా మాట్లాడారు. ఆ వెంటనే ఆయనతోపాటు పలువురు సీనియర్లు జట్టులో చోటు కోల్పోయారు. విశ్రాంతి అని అధికారులు అన్నారు. ప్రతీకారమని హాకీ లోకం అనుకుంది. సంఘం లేనిచోట నోరు విప్పిన ప్రతివాడూ ఒంటరివాడే.

తరువాత లీగుల కాలం వచ్చింది. 2012లో ఎనిమిది జట్లతో జరిగిన వరల్డ్ సిరీస్ హాకీకి రెండో సీజన్ లేకపోయింది. 2013లో మొదలైన హాకీ ఇండియా లీగ్ 2017 తరువాత ఆగి, 2024 డిసెంబరులో తిరిగి ప్రాణం పోసుకుంది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్‌కు హైదరాబాద్ తూఫాన్స్ చేరినప్పుడు తెలుగు అభిమానులకు కూడా ఆ ఆశలో భాగం దక్కింది. వేలంలో ఎవరు ఎంతకు అమ్ముడుపోయారో వారందరికీ తెలుసు. ఒక జట్టు తప్పుకుంటే, చెల్లింపు ఆలస్యమైతే, లీగ్ మళ్ళీ ఏడేళ్ళు నిద్రపోతే ఆటగాడి పక్షాన ఎవరు మాట్లాడతారో మాత్రం ఎవరూ అడగరు.

ఎన్నో తాళాలు పడిన ఉత్తర అమెరికా లీగ్ 2025 జూలైలో, పాత ఒప్పందం గడువుకు ఏడాదికి పైగా ముందే, ఒక్క ఆట కూడా ఆపకుండా కొత్త ఒప్పందం కుదుర్చుకుంది. యజమానులు మంచివారైపోయారని దీని అర్థం కాదు. ఎదుటివాడు అంత సులభంగా లొంగడని ఇరుపక్షాలకూ తెలిసింది. ఆట ఆగకూడదని కోరుకునే భారతీయ అభిమాని ముందుగా కోరవలసినది అటువంటి బల్ల, ఆ బల్లకు అటువైపున ఆటగాడికి ఒక కుర్చీ.